సున్న కూడా లెక్కే

ఎస్సీ అనే ఒక్క మాట కింద తెలంగాణలో 59 కులాలున్నయి. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన వర్గీకరణ చట్టం వాటిని మూడు గ్రూపులు చేసి, 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. అది ఎవరిదాకా చేరిందో తేల్చాల్సింది లెక్కే. ఆ లెక్క ఎట్ల చెయ్యాలె?

వేములపల్లి మండలంలో ఇల్లిల్లూ తిరిగి కులం, ఆడా మగా, చదువు రాసుకున్నామనుకుందాం. చదువును నాలుగు మెట్లు చేస్తే 59 × 2 × 4 = 472 గళ్లు. 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో 'కౌంట్' ఆజ్ఞ మామూలుగా సర్వేలో ఎదురైన కలయికలనే చూపిస్తది. డిగ్రీ చదివిన డక్కలి ఆడమనిషి ఒక్కరూ లేకపోతే ఆ వరుసే రాదు. లేమి కండ్లబడకుండనే పోతది.

అందుకే 59 పేర్లనూ, చదువు మెట్లనూ, ఆడా మగా అన్నదాన్నీ ముందే 'లెవెల్స్'గా రాసిపెట్టి 'టేబుల్' ఆజ్ఞ ఇయ్యాలె. అప్పుడు సున్నలతో సహా అన్ని గళ్లూ వస్తయి.

అయితే సున్నలన్నీ ఒకటి కావు. ఆ కులం వాళ్లు మండలంలోనే లేకుంటే అదొక సున్న. ఉండి కూడా డిగ్రీ దాకా రాలేకపోతే అది వేరే సున్న. పక్కనే ఆ కులం ఆడవాళ్లు మొత్తం ఎంతమందో రాస్తేనే తేడా తెలుస్తది. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఆ రెండో సున్న గురించే.