‘చివరి కళాకారుడు’ అనే అబద్ధం

ఒగ్గు కథ చెప్పే పెద్దాయనకో, చిందు యక్షగానం ఆడే పెద్దాయనకో అవార్డు వచ్చినా, ఆయన కన్నుమూసినా, మరునాడే ఫోన్లలో ఒక ఫొటో తిరుగుతుంది. దాని కింద ఒకటే మాట: ‘ఈ కళకు ఈయనే చివరి కళాకారుడు.’ పంపినవాళ్లు దీన్ని గౌరవమే అనుకుంటారు. కానీ జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఈ మాట నమ్మినవాళ్లు మేళానికి కబురు పెట్టడం మానేస్తారు. ‘ఇప్పుడెవరున్నరు చెప్పేటోళ్లు’ అని తేల్చేస్తారు. పక్క మండలంలోనే పిలుపు కోసం చూసే కుటుంబం ఉంటుంది.

లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్య 2017 నవంబరులో పోయారు. ఆయనంత కథకుడు మళ్లీ రాకపోవచ్చు. అంతమాత్రాన ఒగ్గు కథ పోయిందా? సంక్రాంతి దాటాక కొమురవెల్లికో ఐనవోలుకో వెళ్లి చూడండి. పసుపు, కుంకుమ, పిండితో పట్నం వేసి మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు కనిపిస్తారు. అసలు ఒగ్గు కథ ఒక్క మనిషితో నడవదు. వంత పలికేవాళ్లు కావాలి, డోలు కావాలి, తాళం కావాలి. చిందుకైతే కుటుంబం కుటుంబమే కదలాలి. ఎల్లమ్మ వేషం ఒకరిది, గోసంగి వేషం ఇంకొకరిది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలకు పైగా ఆడుతూ వచ్చి, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ గౌరవం ఆయన పక్కన ఆడినవాళ్లకూ చెందుతుంది. ఆయన ఒక్కరి ఫొటో పెట్టి ‘చివరి’ అని రాస్తే, మేళంలోని మిగతావాళ్లందరినీ చెరిపేసినట్టే.

కిన్నెర విషయంలోనూ ఇదే జరిగింది. 2022లో దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ రాగానే కిన్నెరకు ఆయనే ఆఖరివాడన్న ప్రచారం మొదలైంది. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. మాదిగల ముందు కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పే డక్కలివారి సంప్రదాయం వేరే ఉంది. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఈ కళాకారులు ఎందుకు కనిపించరు? వెతికే పద్ధతి తప్పు కాబట్టి. పంటలు ఇంటికొచ్చాక మేళాలు ఊళ్లు తిరుగుతాయి. అప్పుడు వాళ్ల ఇంటికి వెళ్తే తాళమే ఎదురవుతుంది. పైగా ఒక్కో కుటుంబానికి తాతల నాటి మిరాశీ ఊళ్లుంటాయి. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేశాక ఒకే మేళం మిరాశీ రెండు మూడు జిల్లాల్లో పడింది. ఒక జిల్లాలో ఒక వారం తిరిగి ‘ఎవరూ లేరు’ అని రాసేవాళ్ల రాతకు విలువేముంటుంది?

మిరాశీ అంటే హక్కు. చిందువారికీ డక్కలివారికీ మాదిగలు, కూనపులివారికి పద్మశాలీలు, పటమోళ్లకు చాకళ్లు, మందహెచ్చులకు గొల్లలు, కాకిపడగలవారికి ముదిరాజులు పోషకులు. మార్కండేయ పురాణం, మడేల్ పురాణం, కాటమరాజు కథ, పాండవుల కథ ఇలాగే నిలిచాయి. పోషకులు ఇచ్చేదాన్ని త్యాగం అంటారు. దాన్ని బిచ్చమని పిలవడం మరో అపోహ, అవమానం కూడా. కళ నిలిచేది ఈ బంధంలోనే. ‘చివరి కళాకారుడు’ అనే పుకారు నరికేది దీన్నే. చెప్పేవాళ్లు లేరని పోషకులు అనుకున్న ఏడాది త్యాగం ఆగిపోతుంది, కొడుకు కూలికి పోతాడు. పుకారు తనను తానే నిజం చేసుకుంటుంది.

ఒక్కచోట మాత్రం ఒప్పుకోక తప్పదు. కథలకు పటాలు గీసే చేర్యాల నకాషీ కుటుంబాలు నిజంగానే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. మూడడుగుల వెడల్పుతో, నలభై అడుగులు దాటి సాగే కథల పటం గీయించుకునే కథకులు అరుదైపోయారు. 2007 నాటి భౌగోళిక గుర్తింపు గోడకు తగిలించే చిన్న బొమ్మలకు మార్కెట్ తెచ్చింది, కథ చెప్పేవాడికి పటం తేలేదు. ఇక్కడ ‘చివరి’ అన్న భయానికి ఆధారం ఉంది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. రామప్పకు 2021లో వచ్చిన యునెస్కో హోదా కళలకు కాదు, 1972 ఒడంబడిక కింద ఆ గుడికి వచ్చింది. కళలకు 2003 నాటి ఒడంబడిక వేరే ఉంది, భారత్ 2005లో అందులో చేరింది. భౌగోళిక గుర్తింపు పెంబర్తి ఇత్తడి పేరును కాపాడుతుంది, పని నేర్చుకునే పిల్లవాణ్ని తేదు. లంబాడీ భాషకు లిపి లేదు కనుక సాహిత్యం లేదనేవాళ్లు మహబూబాబాద్ తండాల్లో తీజ్ పాటలు వినాలి. సమ్మక్క కథ అచ్చు పుస్తకాల్లో ఉన్నంతేనన్నదీ తప్పే: కోయ గట్లకు (గోత్రాలకు) వాటి పడిగెలు (గుడ్డ జెండాలు) ఉన్నాయి, ఆ పడిగెల కథ చెప్పే డోలీలున్నారు, పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి మేడారానికి తీసుకెళ్లే పెనక వంశీయులున్నారు.

వీడియో తీస్తే కళ భద్రమన్నది కూడా సగమే నిజం. రికార్డింగ్ మాటను, రాగాన్ని దాచిపెడుతుంది, పోషకులతో బంధాన్ని కాదు. తీయండి, తప్పకుండా తీయండి. అయితే అడిగి తీయండి, కథ మొత్తం తీయండి. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు పిలిపించారు, మేళంలో ఎవరెవరున్నారు అన్నది రాసి పెట్టండి. ఒక ప్రతి ఆ కుటుంబానికే ఇవ్వండి. పెద్దాయనతో ఆగకుండా పక్కన తాళం వేసే కుర్రాణ్నీ, వేషం కట్టే అమ్మనూ మాట్లాడించండి.

అన్నిటికంటే ముందు, మీ కులపెద్దను ఒక్క మాట అడగండి: మన ఊరికి ఏ మేళం వచ్చేది, వాళ్లది ఏ ఊరు? తెలిశాక కబురు పెట్టండి, బయానా ముందే ఇవ్వండి.