బద్ధకం కాదు, పుప్పొడి కాలం

నాన్నగారికి విశాఖపట్నం నుంచి ఢిల్లీకి బదిలీ అయినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏడాది ఫిబ్రవరి చివర్లో తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. వాటికంటే ఎక్కువగా బాధపెట్టింది అలసట. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకున్నా తెల్లారి లేవాలంటే ఒళ్లంతా బరువు. మూడో పీరియడ్‌కల్లా కళ్లు మూతలు పడేవి. వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్న రోజులవి. “ఈ మధ్య నీకు బద్ధకం ఎక్కువైంది” అన్నారు ఇంట్లో. తరగతిలోనూ అదే మాట. కొన్నాళ్లకు నేనూ అదే నిజమనుకున్నాను.

చివరికి అమ్మ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. జ్వరం ఉందా? ముక్కులోంచి వచ్చేది నీళ్లలా ఉందా, చిక్కగా ఉందా? రాత్రి నోరు తెరిచి నిద్రపోతున్నావా? ఏ మందు వేసుకుంటున్నావు? జ్వరం లేదు. ముక్కు నీళ్లలా కారుతోంది. గురక కూడా వస్తోందని అమ్మ చెప్పింది. మందుల షాపులో కొన్న జలుబు మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నానని నేను చెప్పాను. ఆయన నవ్వి, “ఇది జలుబు కాదు, పుప్పొడి ఎలర్జీ. నీ నిద్రమత్తులో సగం ఆ మాత్రదే” అన్నారు.

ఆ రోజు తెలుసుకున్న సంగతులు, తర్వాత చదివి తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నాను. మనలో చాలామందిమి రెండు మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లం కాబట్టి ఇవి మనకు మరీ అవసరం.

పుప్పొడి ఎక్కడిది?

రంగురంగుల పెద్ద పూలను చూసి మనం భయపడతాం. కానీ వాటి పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది. దాన్ని తేనెటీగలు, సీతాకోకచిలుకలు మోసుకెళ్తాయి. మనల్ని తుమ్మించేది ఎక్కువగా గాలిలో తేలిపోయే తేలికపాటి పుప్పొడి. అలాంటి పుప్పొడి ఉన్న పూలు చాలావరకు మన కంటికి ఆనవు. ఢిల్లీలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి పుప్పొడి పెరుగుతుంది. హిందీలో చిల్‌బిల్ అనే నెమలినార చెట్టు, మల్బరీ, విలాయతీ కీకర్ అక్కడి ముఖ్య కారణాలు. విలాయతీ కీకర్ అంటే మరేదో కాదు, మన ఊళ్లలో కనిపించే సర్కారు తుమ్మే. హైదరాబాదు, బెంగళూరుల్లో వయ్యారిభామ మొక్క చాలామందికి శత్రువు. పొరుగు దేశపు రాజధాని ఇస్లామాబాదులో మార్చి నెలలో కాగితపు మల్బరీ చెట్లు ఇదే పని చేస్తాయి. శ్రీనగర్‌లో వేసవి మొదట్లో గాలిలో ఎగిరే పాప్లర్ దూదిని అందరూ తిడతారు కానీ, అది గింజలను మోసే నూగు, పుప్పొడి కాదు. అదే సమయంలో గాలిలో ఉండే వేరే పుప్పొడి అసలు దోషి.

మొదటి ఏడాది నాకెందుకు రాలేదు?

ఎలర్జీ మొదటి పరిచయంలోనే బయటపడదు. కొత్త పుప్పొడి తగిలినప్పుడు కొందరి శరీరం దాన్ని హానికారి అని పొరపాటు పడి, దానికోసం ప్రత్యేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఇవి ముక్కు, కళ్ల పొరల్లోని మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. మళ్లీ అదే పుప్పొడి వచ్చినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. తుమ్ములు, దురద, నీరు కారడం దాని పనే. అందుకే కొత్త ఊళ్లో మొదటి ఏడాది హాయిగా ఉండి, రెండో మూడో ఏడాది ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. “పోయిన ఏడాది లేనిది ఇప్పుడెలా వచ్చింది?” అనే ప్రశ్నకు జవాబు ఇదే.

మరి అలసట ఎందుకు?

దీనికి మూడు కారణాలు. మొదటిది నిద్ర. ముక్కు దిబ్బడ వేస్తే నోటితో గాలి పీలుస్తాం. గొంతు ఎండిపోయి రాత్రి మనకు తెలియకుండానే మాటిమాటికీ మెలకువ వస్తుంది. ఎనిమిది గంటలు పడుకున్నా గాఢనిద్ర పట్టదు. రెండోది శరీరం చేసే పోరాటం. జ్వరం వచ్చినప్పుడు నీరసం కలిగించే రసాయనాల వంటివే ఎలర్జీలోనూ కొంత విడుదలవుతాయి. మూడోది మందు. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే రసాయనాల్లో హిస్టమిన్ కూడా ఒకటి. క్లోర్‌ఫెనిరమైన్ వంటి పాత మందులు మెదడులోకి చేరి అక్కడి హిస్టమిన్‌నూ అడ్డుకుంటాయి. తుమ్ములు ఆగుతాయి, కళ్లూ మూసుకుపోతాయి. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఇలాంటి మందే ఉంటుంది. మత్తు తక్కువగా ఉండే కొత్త మందులు ఉన్నాయి, కానీ ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో గడ్డి పుప్పొడి కాలం, ముఖ్యమైన పరీక్షలు ఒకేసారి వస్తాయి. అక్కడ 15 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు 1,800 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2007లో వెలువడింది. శీతాకాలపు నమూనా పరీక్షల్లో వచ్చిన గ్రేడు వేసవిలో అసలు పరీక్షలకు వచ్చేసరికి పడిపోయే అవకాశం ఎలర్జీతో బాధపడుతున్నవారిలో ఎక్కువని తేలింది. మత్తు కలిగించే మందులు వాడినవారిలో అది ఇంకా ఎక్కువ. ఢిల్లీలో మనకూ అంతే, పుప్పొడీ వార్షిక పరీక్షలూ ఒకేసారి వస్తాయి.

ఏం చేయాలి?

బడి నుంచి రాగానే ముఖం, చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. పుప్పొడి జుట్టులో కూడా చేరుతుంది కాబట్టి పడుకునే ముందు స్నానం చేస్తే అది దిండు మీదికి రాదు. ఆ నెలల్లో ఉతికిన బట్టలు, దుప్పట్లు ఆరుబయట కాకుండా ఇంట్లో ఆరేసుకోవడం మేలు. పొడిగా, గాలి విసురుగా ఉన్న రోజుల్లో కిటికీలు మూసి ఉంచాలి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవాలంటే ముందు పెద్దల దగ్గర నేర్చుకోవాలి. ఆ నీళ్లు తప్పకుండా మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. డాక్టరు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసిస్తే రోజూ వాడాలి. రెండు రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. దిబ్బడ తగ్గించే చుక్కల మందును మాత్రం సొంతంగా రోజుల తరబడి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

చదువు విషయంలో నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. కష్టమైన లెక్కలు తల తేలిగ్గా ఉన్న వేళకు పెట్టుకున్నాను. మిగతా చదువును అరగంట ముక్కలుగా విడగొట్టాను. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తీశాను, అంతకు మించి కాదు.

ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పుప్పొడి కాలం అయిపోయాక కూడా అలసట తగ్గకపోతే రక్తహీనత వంటి వేరే కారణం ఉండవచ్చు, దాన్నీ చూపించుకోవాలి.

ఇప్పుడు నా దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. ఏ నెలలో తుమ్ములు మొదలయ్యాయి, చుట్టుపక్కల ఏ చెట్లు పూశాయి, ఏ మందు వాడితే నిద్రమత్తు రాలేదు, అన్నీ అందులో రాసుకుంటాను. బదిలీ అయినప్పుడు టీసీ, మార్కుల కార్డులతో పాటు అదీ ఫైల్లో పెట్టుకుంటాను. కొత్త ఊళ్లో డాక్టరుకు మనం కొత్తవాళ్లమే కానీ, ఆ పుస్తకం చూస్తే ఆయనకు మన సంగతి సగం తెలిసిపోతుంది.

మీ పక్క బెంచీలో ఎవరైనా ఫిబ్రవరిలో కళ్లు నులుముకుంటూ కునికిపాట్లు పడుతుంటే నవ్వకండి. “రాత్రి సరిగ్గా నిద్ర పట్టిందా?” అని ఒక్కమాట అడగండి. నన్ను అలా అడిగినవాళ్లు ఉండి ఉంటే, ఆ రెండు నెలలూ నన్ను నేను బద్ధకస్తుల్లో లెక్కవేసుకునేవాణ్ణి కాదు.