పాప నొక్కిన మీట

పిల్లలూ! పెద్దవాళ్ళు పనిచేసే చోట మీరు అదీ ఇదీ ముట్టుకుంటే కసురుతారు గదా! కాని ఒకసారి ఒక పాప అలా ముట్టుకోబట్టే పెద్దలకు తెలియని తప్పొకటి బయటపడింది.

1960 దశకంలో అమెరికావారు చంద్రుడి మీదికి మనుషులను పంపాలని పూనుకున్నారు. వారి అపోలో నౌకలో దారి చూపటానికి చిన్న కంప్యూటరు ఒకటి ఉండేది. కంప్యూటరు ఏది ఎప్పుడు చెయ్యాలో వరసగా చెప్పే ఆజ్ఞలనే ప్రోగ్రాము అంటారు. ఎం.ఐ.టి. ప్రయోగశాలలో ఈ ప్రోగ్రాములు రాసినవారిలో ముఖ్యురాలు మార్గరెట్ హామిల్టన్. ఆమె రాత్రిళ్ళూ, సెలవురోజుల్లోనూ పనికి పోతూ కూతుర్ని కూడా వెంటపెట్టుకు పోయేది.

అక్కడ నౌకలో ఉండేలాటి మీటలే ఉన్న నమూనా ఒకటి ఉండేది. ఒకనాడు పాప ఆడుకుంటూ మీటలు నొక్కి, నౌక ప్రయాణంలో ఉండగా 01వ ప్రోగ్రామును పిలిచింది. అది నౌక ఇంకా నేల మీద ఉన్నప్పుడు వాడేది! నమూనా కాస్తా ఆగిపోయింది.

హామిల్టన్ పాపను కోప్పడి ఊరుకోలేదు. ఏయే మీటలు నొక్కిందో చూసి, వ్యోమగామి కూడా ఇలాగే చెయ్యవచ్చునని గ్రహించింది. పొరపాటున పిలిచినా కంప్యూటరు ఒప్పుకోకుండా అడ్డు పెడతానన్నది. పైవారు వద్దన్నారు. అంత శిక్షణ పొందినవారు అలాటి పొరపాటు చెయ్యరని వారి నమ్మకం.

1968 డిసెంబరు 21న బోర్మన్, లోవెల్, ఆండర్స్ అనేవారు అపోలో-8లో బయలుదేరారు. చంద్రుడి చుట్టూ 10 సార్లు తిరిగి, ఇంటిదారి పట్టారు. అప్పుడు లోవెల్ చెయ్యి తప్పి, సరిగా ఆ 01నే పిలిచాడు! నౌక ఇంకా నేల మీదనే ఉన్నదనుకుని కంప్యూటరు దిక్కు మరిచింది. దిక్కు తెలియకుండా భూమిని చేరటమెలా? అదృష్టం కొద్దీ లోవెల్ ఆ పనిలో దిట్ట. రైజెల్, సిరియస్ నక్షత్రాలను గురి చూసి, లెక్క కట్టి, సుమారు అరగంటలో కంప్యూటరుకు మళ్ళీ దిక్కులు నేర్పాడు. సిరియస్ అంటే మన మృగవ్యాధుడే. 27న ముగ్గురూ క్షేమంగా పసిఫిక్ సముద్రంలో దిగారు. ఆ తరవాత అడ్డు పెట్టటానికి అనుమతి దొరికింది లెండి!

ఈనాడు ప్రోగ్రాములలో తప్పులు వెతకటమే వృత్తిగా గలవారున్నారు. వారిని టెస్టర్లంటారు. ఆ పాపకున్న చిలిపితనమూ, ఆ తల్లికున్న ఓపికా రెండూ వారికి కావాలి.

35 మార్కులు వస్తే పాసు, తక్కువైతే ఫెయిలు అని చెప్పే ప్రోగ్రాము మీ చేతికి వచ్చిందనుకోండి. 80 ఇచ్చి, 10 ఇచ్చి, బాగానే ఉన్నదని లేచిపోయేవాడు సోమరి. తప్పులు పొలం గట్టు మీది ఎలకల్లాగా హద్దుల్లో దాక్కుంటాయి. అందుకని 34, 35, 36 ఇచ్చి చూడాలి. రాసినవాడు “35 కన్న ఎక్కువ” అని రాసి ఉంటే, సరిగ్గా 35 తెచ్చుకున్న కుర్రవాడు పాపం ఫెయిలే! తరవాత 0, 100, 101 ఇవ్వండి. అంకెకు బదులు మీ పేరు ఇవ్వండి. ఏమీ ఇవ్వకుండా మీట నొక్కండి.

తప్పు దొరికితే, ఏమేం నొక్కారో వరస తప్పకుండా కాగితం మీద రాయాలి. అదే తప్పును మళ్ళీ రప్పించలేకపోతే దిద్దేవాడు ఎక్కడని వెతుకుతాడు?

ఇంట్లో కాలిక్యులేటరు ఉంటే 7ను సున్నతో భాగించి చూడండి. అది ఏమన్నదో, ఎందుకలా అన్నదో మీ లెక్కల మాస్టారిని అడగండి.