చేపల వేటకు ముందు చూడవలసినవి



వేసవి సెలవుల్లో ఏమి చేస్తావని మొన్న స్టడీ అవర్‌లో అడిగితే చేపలు పడతానని చెప్పాను. అందరూ నవ్వారు. గాలం వేస్తే చేప పడుతుంది, దానికి ఆలోచించేది ఏముంది అన్నారు. ఏముందో చెప్దామనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది గుట్టల కింద ఉన్న కోయ ఊరు. మా వాగు కిందికి పోయి శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఈ తేడా తెలియక తాగడానికి ఏరు కావాలని అడిగాను. అప్పుడు కూడా నవ్వారు లెండి.

ముందుగా రోజు చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండలకు మా వాగు తెగిపోతుంది. అనగా పారడం ఆగిపోయి మడుగులు మడుగులుగా మిగులుతుంది. చేపలన్నీ ఆ మడుగుల్లోనే చిక్కుకుంటాయి. మే నెల చివరి నుంచి మొదటి పెద్ద వాన పడేదాకా మా వేట. మృగశిర కార్తె జూన్ 7నో 8నో వస్తుంది, బడి 12న తెరుస్తారు. అందుకని మాకు చేతిలో ఉండేది పది పదిహేను రోజులే. మృగశిర నాడు చేప తినాలని కింది ఊళ్ళవాళ్ళు వెతుక్కుంటూ కొంటారు. కిందటేడు మా వాటా చేపలు అమ్మిన డబ్బుతోనే నా చెప్పులు, తమ్ముడి సంచి వచ్చాయి. మిగిలినవి అమ్మ ఉప్పు రాసి ఎండబెట్టింది. వానాకాలంలో కూలి పని దొరకని రోజుల్లో ఆ ఎండు చేపలే మాకు కూర.

తెల్లవారుజామునే వెళ్ళాలి. ఎందుకంటే రాత్రంతా నీటి మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, తయారు చేయవు. వేడెక్కిన నీళ్ళలో అసలే ఆక్సిజన్ తక్కువ. అందుకని తెల్లారేటప్పటికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. ఇది మా సైన్సు మేడం చెప్పారు. మా తాతకు ఆక్సిజన్ అంటే తెలియదు, కాని కోడి కూయకముందే మమ్మల్ని లేపుతాడు.

కొర్రమీను సంగతి వేరు. అది ఎప్పుడైనా పైకొచ్చి గాలి మింగి పోతుంది. బురద నీళ్ళలో కూడా అది బతికేది అందుకే. ఏరుమద్ది చెట్ల వేర్లు నీళ్ళలోకి దిగిన చోట కాసేపు కదలకుండా కూర్చుంటే గుబుక్కుమని నీళ్ళు పగిలి మూసుకుంటాయి. అక్కడ గాలం వెయ్యాలి. కాని దాని చుట్టూ ఎర్రగా ముద్దలాగా పిల్లలు తిరుగుతుంటే వెయ్యకూడదు. కొర్రమీను పిల్లల్ని కాపలా కాస్తుంది. తల్లిని తీసేస్తే మిగతా చేపలు పిల్లల్ని ఒక్క పూటలో తినేస్తాయి. జెల్లను పట్టుకునేటప్పుడు వీపు మీద, రెండు పక్కల ఉన్న ముళ్ళు చూసుకోవాలి. గుచ్చుకుంటే చేయి సాయంత్రందాకా సలుపుతుంది. నాకు తెలుసు.

తీసుకుపోవలసినవి పెద్దగా ఏమీ లేవు. గాలాలు, డబ్బాలో వానపాములు, కత్తి, ఉప్పు, పసుపు, అగ్గిపెట్టె, సొరకాయ బుర్రలో జావ. అక్కడే నాలుగు చేపలు అడ్డాకుల్లో చుట్టి నిప్పుల మీద కాలుస్తాము. (వార్డెన్ మేడంగారికి మనవి: ఇది చదివి మన మెనూలో చేప పెట్టమని అడగడం లేదు.) మోకాలి లోతు నీళ్ళకు ఊత కావాలి. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. చేప కదిలిన చోట గబుక్కున మూసి పై కంతలోంచి చేయి పెట్టి తీయాలి. మొదట కప్ప తగిలినా అరవకూడదు.

కొంతమంది మంగకాయలు దంచి మడుగులో కలుపుతారు. మా తాత కూడా చిన్నప్పుడు కలిపాడట. అందులో కుంకుడుకాయలో ఉండే సపోనిన్ లాంటిది ఉంటుంది. అది చేప మొప్పల్ని పాడు చేస్తే చేపకు ఊపిరి అందక తేలిపోతుంది. ఇప్పుడు మంగకాయలు ఏరే ఓపిక లేక పురుగుమందు పోసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎండాకాలంలో మా పశువులు తాగేది ఆ మడుగులోనే. పైగా అప్పుడు చేపల కడుపులో జన ఉంటుంది. వానకు వాగు పారగానే అవి ఎదురెక్కి గుడ్లు పెట్టాలి. మడుగు మొత్తం చంపేస్తే పై ఏటికి ఎదురెక్కేది ఎవరు? మా ఇంట్లో ఇప్పుడు మంగకాయ కూడా వాడము.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి రాస్తున్నాను. మన నెత్తి మీద ఆకాశం చూస్తే చాలదు, వాగు పుట్టే గుట్టల మీద ఆకాశం చూడాలి.

మూడేళ్ళ కిందట, నా ఆరో తరగతి సెలవుల్లో, మేము ఆరుగురం వెళ్ళాము. మాకు ఫెళ్ళున ఎండ. గుట్టల వైపు మాత్రం నల్లగా ఉంది. దూరంగా ఉరిమింది కూడా. ఎక్కడో కురుస్తుందిలే అనుకున్నాము. కాసేపటికి ఆగిపోయి ఉన్న మడుగులోకి ఎండుటాకులు, నురగ వచ్చాయి. నీళ్ళు ఎర్రగా మారాయి. అవ్వ ఒడ్డు మీది నుంచి "ఎక్కండి, ఎక్కండి" అని అరిచింది. అందరం ఎక్కాము. ఐదేళ్ళ మా తమ్ముడు ఊత కోసం వెనక్కి దిగాడు. వాడి మోకాళ్ళ దగ్గర ఉన్న నీళ్ళు నేను చూస్తుండగానే వాడి మెడ దాకా వచ్చాయి. మామ దూకి జుట్టు పట్టుకుని లాగాడు. ఊత పోయింది. మామ దాన్ని రెండు రోజులు కూర్చుని అల్లాడు. కాని ఆ రోజు ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం వాణ్ణి కొట్టి, తర్వాత వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

గోదావరి పొంగితే భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు గోదావరి శబరిని వెనక్కి తంతుంది, శబరి మా వాగును తంతుంది. కాని గోదావరి చెప్పి వస్తుంది. ఒక్కో రోజు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. గుట్టల వాగుకు ఏ హెచ్చరికా లేదు.

అప్పటి నుంచి మా వాళ్ళు ఒక మనిషిని గట్టు మీదే కూర్చోబెడుతున్నారు. ఆ మనిషి గాలం పట్టుకోకూడదు, కబుర్లు చెప్పకూడదు, గుట్టల వైపు చూడాలి. వాటాలు వేసేటప్పుడు ఆ మనిషికి కూడా అందరితో సమానంగా ఒక వాటా వేస్తారు. మొదట్లో అవ్వ కూర్చునేది. ఇప్పుడు ఆమెకు దూరం కనబడడం లేదు. కిందటేడు నుంచి నన్ను కూర్చోమన్నారు.

ఈసారి తానే గట్టు మీద కూర్చుంటానని మా తమ్ముడు అంటున్నాడు. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక్క చేప ఎగిరితే వాడు గుట్టల్ని మరిచిపోతాడు. వాడికి వానపాముల డబ్బా ఇస్తానని చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని