విందు ప్రసంగాలలో వినిపించని సంవత్సరం

వియత్నాం నాయకులు ఢిల్లీకి వచ్చినప్పుడు విందు ప్రసంగాలలో సాధారణంగా రెండు సంవత్సరాలు వినవస్తాయి. ఫ్రెంచివారు ఖాళీ చేసిన హానోయ్ నగరానికి నెహ్రూ వెళ్ళిన 1954 ఒకటి. హోచిమిన్ మన దేశానికి అతిథిగా వచ్చిన 1958 మరొకటి. 1945 ప్రస్తావన మాత్రం రాదు. అది విందులో తలచుకోదగిన సంవత్సరం కాదు.

ఆ సంగతికి వచ్చేముందు ఫ్రెంచివారు ఆ దేశాన్ని ఏలిన తీరు తెలియాలి. 1858లో దానాంగ్ రేవుపై దాడితో మొదలైన ఆక్రమణ 1887లో ఇండోచైనా యూనియన్‌గా స్థిరపడింది. 1897లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన పాల్ డూమేర్ దానికి ఖజానా సమకూర్చాడు. ఆయన ఎన్నుకున్న మార్గం సులభమైనది: ఉప్పు, సారా, నల్లమందు - ఈ మూడింటి మీద సర్కారు గుత్తాధిపత్యం. సముద్రతీరాన ఉప్పు పండించే రైతు తన పంటను సర్కారుకు చౌకగా అప్పగించి, తన వంటకు కావలసిన ఉప్పును అనేక రెట్లు ధర పెట్టి తిరిగి కొనుక్కోవాలి. పితృదేవతలకు నివేదించేందుకు తరతరాలుగా ఇంట కాచుకున్న బియ్యపు సారా నేరమైపోయింది. ఫ్రెంచి కంపెనీ బట్టీలో దిగిన సరుకే కొనాలి. ఇంట కాచినవారిని పట్టుకొనేందుకు సుంకం సిబ్బంది ఇళ్ళు సోదా చేసేవారు. నల్లమందు కార్ఖానాను సైగాన్‌లో సర్కారే నడిపింది. నాగరికత నేర్పేందుకు వచ్చామన్న ప్రభువుల నిర్వాకమిది! హానోయ్‌లో ఎర్రనది వంతెనకు డూమేర్ పేరే పెట్టారు. ఆయన 1931లో ఫ్రాన్సు అధ్యక్షుడు కూడా అయినాడు.

ఉప్పు పన్ను అనగానే దండి గుర్తుకు వచ్చే మనకు ఇంతకంటె వివరణ అక్కరలేదు. కాని దండికి 22 ఏళ్ళ ముందే, 1908 మార్చిలో, మధ్య వియత్నాంలోని క్వాంగ్ నామ్ రైతులు తలపన్నుకూ వెట్టిచాకిరికీ వ్యతిరేకంగా కచేరీలకు నడిచివెళ్ళారు. పాత సమాజానికి గుర్తుగా ఉన్న జుట్టుముడులను దారిలోనే కత్తిరించుకున్నారు. ఆయుధాలు లేని ఆ జనానికి తుపాకులే జవాబు చెప్పాయి. పరిపాలనను సంస్కరించమని 1906లో గవర్నర్ జనరల్‌కు బహిరంగ లేఖ వ్రాసిన పండితుడు ఫాన్ చూ త్రిన్‌ను పులో కొండోర్ ద్వీపపు కారాగారానికి పంపారు. శాంతియుతంగా అడిగినవానికే ఆ గతి పట్టినప్పుడు తరువాతి తరం ఆయుధం వైపు చూడడంలో వింత లేదు. 1930 ఫిబ్రవరిలో యెన్‌బాయ్ దండులో సిపాయిలు తిరగబడ్డారు. నాయకుడు న్గుయెన్ థాయ్ హోక్‌నూ 12 మంది సహచరులనూ జూన్‌లో గిలటిన్ కింద వధించారు. ఆ సెప్టెంబరులో న్గే ఆన్ రైతుల ఊరేగింపుపై విమానాలు బాంబులు కురిపించాయి.

1944-45 శీతకాలంలో ఉత్తరాన మహాక్షామం వచ్చింది. మృతుల సంఖ్య 4 లక్షలని కొందరు, 20 లక్షలని కొందరు అంటారు. జపాను సైన్యమూ ఫ్రెంచి యంత్రాంగమూ కలిసి ధాన్యం లాగుకున్నాయి. వరి పండే నేలలో జనుము వేయించాయి. 1943లో వంగదేశం చూసిన ఘోరానికి ఇది తోబుట్టువు.

ఆ శవాల మధ్య నుంచే 1945 సెప్టెంబరు 2న హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. పదకొండు రోజులకు సైగాన్‌లో దిగిన బ్రిటిష్ సేనాని గ్రేసీ వెంట వచ్చినది ఏ సైన్యం? 20వ ఇండియన్ డివిజన్: మన పంజాబు పటాలాలు, గూర్ఖా పటాలాలు. ఓడిన జపానువారిని నిరాయుధులను చేయడం వారి పని. గ్రేసీ మాత్రం బందీలుగా ఉన్న ఫ్రెంచి సైనికులను విడిపించి తుపాకులిచ్చాడు. సెప్టెంబరు 23న వారు నగరంలోని ప్రభుత్వ భవనాలు ఆక్రమించారు. ఆపై నెలల తరబడి సాగిన పోరులో మన సిపాయి, ఓడిన జపాను సిపాయి ఒకే పక్షాన నిలిచి వియత్నామీయులపై కాల్పులు జరిపారు. ఫ్రెంచివారు తిరిగి కాలూనేందుకు చోటు ఆ విధంగా దొరికింది.

మన సిపాయి ఎవరి ఆజ్ఞపై కాల్చాడో తెలియనిది కాదు. నెహ్రూ అప్పుడే నిరసించాడు. అయితే సైగాన్ రైతు కంటికి భారతీయుడు అంతకుముందే పరిచితుడు: భూమి తాకట్టు పట్టే చెట్టియారుగా, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి కొలువు ఉద్యోగిగా. మన యానాంపై 1954 వరకు ఎగిరిన మూడు రంగుల జెండాయే అక్కడా ఎగిరింది మరి.

1947 జనవరిలో కలకత్తా విద్యార్థులు వియత్నాం దినం పాటించి వీధుల్లోకి వచ్చారు. వారిపైనా పోలీసులు కాల్పులు జరిపారు.