నీళ్ళు మానుకుంటున్న క్రీడాకారులు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప పండుతాయి. ఆ పంటలను నమ్ముకున్న బ్రతుకుల్లో ప్రమాదాలూ ఉన్నాయి. మిర్చి బస్తాల లోడుపై కూర్చుని వస్తూ జారిపడటం, కూలీల ఆటో బోల్తాపడటం, చెట్టెక్కినవాడి కాలు జారటం. వెన్నెముక విరిగి వెన్నుపాము దెబ్బతిన్నదంటే నడుము దిగువభాగం చచ్చుబడుతుంది. ఇంటిల్లిపాదీ కాళ్ళు పోయాయని దుఃఖిస్తారు. కాని ఆ మనిషి ప్రాణానికి ముప్పు మూత్రాశయం వైపునుంచి కూడా పొంచి ఉంటుంది. ఈ సంగతి మన ఇళ్ళలో ఎవరూ పైకి మాట్లాడరు. మాట్లాడకపోవటం వల్లనే జబ్బు ముదురుతుంది.

రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం వెన్నుపాము తెగినవారిలో అత్యధికులు కొద్దికాలంలోనే మరణించేవారు. మూత్రంలో పుట్టిన చీము రక్తంలోకి పాకటం, పడకపుండ్లు ఇందుకు ముఖ్య కారణాలు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగం బాధ్యత స్వీకరించిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఈ రెండింటిపైనా పోరాడాడు. ఆ తర్వాతే రోగుల చేతికి విల్లంబులిచ్చాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజున, 16 మందితో ఆయన జరిపిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్స్‌కు మూలం. మూత్రాశయాన్ని కాపాడుకోగలిగిన తర్వాతనే ఆటలు సాధ్యమయ్యాయన్నమాట!

మన తెలుగు మహిళ, ఖమ్మం ప్రాంతానికి చెందిన ప్రతిపాటి మాధవీలత చెన్నైలో ఉంటూ భారత వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను స్థాపించారు. ఆమె పసితనంలో పోలియో బారినపడినవారు. పోలియో కండరాలను బలహీనపరుస్తుందే తప్ప సాధారణంగా స్పర్శను, మూత్రాశయాన్ని చెడగొట్టదు. వెన్నుపాము గాయం అలా కాదు. ఒకే మైదానంలో, ఒకే రకం కుర్చీలో పక్కపక్కన ఆడే ఇద్దరిలో ఒకరికి మూత్రం నిండిన సంగతి తెలుస్తుంది, మరొకరికి తెలియదు. ఆ రెండవ వ్యక్తికి మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. అందుకే రోజుకు నాలుగైదుసార్లు, నాలుగు నుంచి ఆరు గంటల కొకసారి, సన్నని గొట్టంతో తానే మూత్రం తీసుకోవాలి. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని చేస్తే ఇంటివద్దనే సురక్షితంగా చేసుకోవచ్చునని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ చూపించాడు.

ఇక అసలు చిక్కు. పోటీకి బస్సులోనో రైల్లోనో పోవాలి. దారిలో కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండదు. దాంతో ఆటగాడు ముందురోజునుంచే నీళ్ళు మానేస్తాడు. మూత్రం చిక్కబడుతుంది, గొట్టం వేసే వేళ దాటిపోతుంది, క్రిములకు తరుణం దొరుకుతుంది. పైగా వెన్నుపాము పైభాగాన దెబ్బతిన్నవారికి ఆ దిగువన చెమట సరిగా పట్టదు. గుంటూరు వేసవిలో ఇది వడదెబ్బకు దారి.

స్పర్శ లేనివారికి మూత్రంలో మంట తెలియదు. జ్వరం, వణుకు, కాళ్ళు బిగుసుకోవటం ఎక్కువవటం, మూత్రం మడ్డిగా మారటం, అదుపుతప్పి కారటం, కారణం తెలియని నీరసం, వీటిని బట్టి గుర్తించాలి. రొమ్ముభాగం మధ్యకు పైన గాయమైనవారికి మూత్రం నిండిపోతే రక్తపోటు ఒక్కసారిగా ఎగబ్రాకి తల పగిలిపోతున్నట్లు నొప్పి, ముఖాన చెమటలు వస్తాయి. తక్షణం నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, మూత్రం తీయాలి. తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. విచిత్రమేమంటే, ఈ రక్తపోటుతో వేగం పెరుగుతుందని కొందరు క్రీడాకారులు కావాలనే గొట్టాన్ని బిగించుకున్నారు! పారాలింపిక్ కమిటీ దీనిని నిషేధించింది.

మందుల విషయంలోనూ తొందర తగదు. గొట్టం వాడేవారి మూత్రంలో లక్షణాలు లేకున్నా క్రిములు కనిపించటం మామూలే. దానికి మందు సాధారణంగా అవసరం ఉండదు. లక్షణాలున్నప్పుడు కల్చర్ పరీక్షకు మూత్రమిచ్చిన తర్వాతనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి కొందరిలో కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులను దెబ్బతీస్తాయి. భుజబలంతోనే కుర్చీ నడిపేవాడికి ఇది చిన్న విషయం కాదు.

మన సోదరుల్లో కొందరు వుజూ నిలవదన్న బెంగతో కూడా నీళ్ళు తగ్గిస్తున్నారు. దైవప్రవక్త (స) కాలంలో ఎడతెగని రక్తస్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి)కు నమాజ్ మానవద్దన్న ఆదేశం లభించింది. దానిని ఆధారం చేసుకునే, నిరంతరం మూత్రం కారేవారు ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుని నమాజు చేయవచ్చని హనఫీ పండితులు వివరించారు. గొట్టంతో మూత్రం తీసుకుని ఆపై పొడిగా ఉండగలిగినవారు తీసుకున్న తర్వాత వుజూ చేస్తే సరిపోతుంది. రమజాన్‌లో రోగికి ఉన్న సడలింపు దివ్య ఖుర్ఆన్ రెండవ సూరాలో 184, 185 ఆయతులలో స్పష్టంగా ఉంది. ఉపవాసం గురించి వైద్యుణ్ణి, ఆలిమ్‌ను ఇద్దరినీ సంప్రదించాలి. ఒక్కరినే అడిగితే సగం జవాబే దొరుకుతుంది.

ఇక మసీదు కమిటీల వారికి, పాఠశాలల పెద్దలకు ఒక మాట. మరుగుదొడ్డి తలుపు వెడల్పు సుమారు 90 సెంటీమీటర్లు, గడప లేకుండా ఉండాలి. లోపల కుర్చీ తిరిగే చోటు, చేతికందే కుళాయి, సబ్బు, పట్టుకోవటానికి గోడకు ఒక కమ్మీ కావాలి. కొత్తగా కట్టేటప్పుడు దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కట్టిన తర్వాత తలుపు పగలగొట్టి మార్చాలంటేనే ఖర్చు.