కావలి లేని కుటీరములు

యూరపు ఖండమునకు ఉత్తరపు కొనయందున్న నార్వే దేశములో కొండలు మెండు. గంటలకొలది నడచినను ఒక్క గ్రామమైనను కనబడని తావులు అక్కడ అనేకములు కలవు. అట్టి చోట వానలో తడిసి, అలసి వచ్చిన బాటసారికి సంధ్యవేళ ఒక చిన్న కొయ్య యిల్లు కనబడును. లోపల ఎవ్వరును ఉండరు. బాటసారి తన సంచిలోని తాళముచెవి తీసి తలుపు తెరచును. పొయ్యి ప్రక్కన చీల్చిన కట్టెలు పేర్చియుండును; మంచములపై కంబళ్లు మడచియుండును; కొన్ని యిండ్లలో అలమరనిండ ఆహారపు డబ్బాలును ఉండును. ఇవి ఎవరి యిండ్లు? కనిపెట్టుకొని యుండువాడు లేక ఎట్లు నడచుచున్నవి?

1868వ సంవత్సరమున నార్వేలో కొండలపై సంచరించు వారికొరకు ఒక పర్యాటక సంఘము స్థాపింపబడెను. థామస్ హెఫ్ట్యే అను బ్యాంకు యజమాని దానికి తొలి అధ్యక్షుడు. ర్యూకాన్ జలపాతమునకు సమీపముననున్న క్రోకాన్‌లో సంఘము తన మొదటి కుటీరమును ఏర్పరచెను. నేడు ఆ సంఘమునకును, దాని స్థానిక శాఖలకును చెందిన కుటీరములు 550కి పైగా ఉన్నవి. వాటిని కలుపు కాలిబాటల వెంట రాళ్లకుప్పలపై ఎఱ్ఱని ‘టి’ అక్షరము చిత్రింపబడియుండును. పొగమంచు క్రమ్మినపుడు ఆ గుర్తే దారి చూపును. ఈ పనులలో పెక్కింటిని జీతము లేని స్వచ్ఛంద సేవకులే చేయుచున్నారు.

కుటీరములు మూడు తెగలు. కొన్నింట పనివారుండి భోజనము పెట్టుదురు. కొన్నింట ఆహారపదార్థములుండును గాని పనివారుండరు. మిగిలినవాటిలో పడకయు, పొయ్యియు, పాత్రలును, కట్టెలును మాత్రమే ఉండును. కడపటి రెండు తెగలే చెప్పదగినవి. ఏలయన అక్కడ అతిథియే పనివాడు.

నీరు కావలసినచో బకెట్టు తీసికొని వాగునకు పోవలయును. విద్యుత్తు తీగ అంతదూరము రాదు. అనేక కుటీరములలో ఇంటికప్పున అమర్చిన సౌరఫలకము చిన్న దీపమునకు మాత్రము చాలును. మరుగుదొడ్డి ఇంటికి ఎడముగా ఉండును. దానికి నీరు వాడరు. పాత్రలు కడిగిన నీటిని వాగులో పోయరాదు. నిర్ణయించిన చోటనే పోయవలయును. ఏలయన రేపు వచ్చువాడు త్రాగునది ఆ వాగు నీరే. ఇక చెత్త మాట. చలిప్రదేశములలో సూక్ష్మజీవులు మందముగ పనిచేయును గనుక వస్తువులు త్వరగా కుళ్లవు. మన పెరటిలో కొలది వారములలో మట్టిలో కలిసిపోవు పండుతొక్క అక్కడ చాలకాలము అట్లే పడియుండును. కావున తెచ్చిన చెత్తను తెచ్చినవాడే మూటగట్టి మోసికొనిపోవలయునని నియమము.

కట్టెలును, ఆహారపు డబ్బాలును తెచ్చుట అంత సులభము కాదు. వేసవిలో మెత్తని నేలపై బండ్లు నడపినచో గాళ్లు పడి, పచ్చిక మరల మొలచుటకు ఏండ్లు పట్టును. అందుచే చాలచోట్ల శీతకాలమున, చెరువులును చిత్తడినేలలును గడ్డకట్టిన పిమ్మట, మంచుపై నడచు బండ్లతో సరుకు చేర్చుదురు. కొన్ని తావులకు హెలికాప్టరు తప్పదు. ఇవి చమురు త్రాగు యంత్రములే. ప్రకృతికి కీడు చేయని యిల్లని పేరు పెట్టినంత మాత్రమున ఈ వ్యయము మాయమగునా? ఒక్క గదినే వెచ్చచేసికొని నాలుగు కట్టెలు మిగిల్చిన అతిథియే దానిని నిజముగ తగ్గించుచున్నాడు.

వెళ్లునపుడు చేయవలసిన పనులు మరికొన్ని. నేల ఊడ్వవలయును, పాత్రలు తోమవలయును, రాబోవువానికి కట్టెలు చీల్చిపెట్టవలయును. బూడిదను మూతగల లోహపు బానలోనే పోయవలయును. పైకి చల్లారినట్లు కనబడు బూడిదలో నిప్పుకణిక చాలసేపు బ్రతికియుండును, ఇల్లా కొయ్యది. పుస్తకములో తన పేరును, ఎచటికి పోవుచున్నాడో ఆ వివరమును వ్రాయవలయును. ఎవరైనను దారి తప్పినచో వెదకువారికి ఆ పంక్తియే ఆధారము.

అద్దెయు, తిన్న పదార్థముల వెలయు అతిథి తానే లెక్కకట్టును. పూర్వము కాగితముపై వ్రాసి అక్కడి పెట్టెలో వేయుచుండెడివారు. నేడు చేతిఫోనునుండి కూడ చెల్లింపవచ్చును. ఒక డబ్బా తిని వ్రాయనిచో అడుగువాడు లేడు. కాని అట్టివారు పెరిగినచో అలమర నిండదు. మంచుగాలిలో వచ్చిన మరొకడు ఆకలితో పండుకొనవలసివచ్చును. ఆలస్యముగ వచ్చినవానిని చోటు లేదని వెడలగొట్టు ఆచారము అక్కడ లేదు. మంచములు నిండినచో నేలపై పరుపు వేయుదురు.

ఇంత జాగ్రత్త పడినను తీరని చిక్కు ఒకటి కలదు. నార్వే దక్షిణపు కొండలలో రెయిన్‌డీరు అను అడవి మంచుదుప్పులున్నవి. 2021లో ప్రకటించిన ఆ దేశపు జాబితాలో అవి అపాయమునకు చేరువగానున్న జాతిగా పేర్కొనబడినవి. మనుష్యుని వాసన సోకినంతనే మంద బెదరును. జనసంచారము హెచ్చైన బాటను దాటుటకు జంకి, అవతలి మేతను విడిచిపెట్టును. అతిథి ఎంత శుభ్రముగ మెలగినను అతని రాకయే వాటికి బాధ. అందుచే కొన్ని బాటలు మందలకు దూరముగ మరలింపబడినవి. వసంతమున దుప్పులు ఈనెడి వారములలో ఆ పరిసరములందలి కొన్ని కుటీరములు మూసియుంచబడును. ఆ దినములలో తాళముచెవి చేతనున్న సభ్యుడును ఆ తలుపు తెరవరాదు.